"అమ్మ ఖాళీగానే ఉంటది" అని రాశావు చూడు, అక్కణ్ణుంచే మొదలెడదాం

ఈసారి ఉత్తరం నరసాపురం పక్కన ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు వెయ్యొద్దంది కాబట్టి వెయ్యట్లేదు. ఉత్తరం పెద్దదే, ముఖ్యమైనంత వరకు ఇది:

"మేడమ్ గారూ, నమస్తే అండి. డిగ్రీ అయ్యాక పీజీ ఎంట్రన్స్ రాస్తే సోషియాలజీలో సీటొచ్చింది, చేరి మూడు నెలలైంది. ఏమీ తలకెక్కట్లేదండి. డర్క్‌హైమ్, మార్క్స్, వెబర్, పార్సన్స్ అని అన్నీ పేర్లే, ఒక్కొక్కళ్ళవీ పదేసి డెఫినిషన్లు, రాత్రి బట్టీ పడితే పొద్దుటికి ఉండట్లేదు. వాళ్ళెవరో మా ఊరెక్కడో. మా బాబాయేమో ఊళ్ళో ముసలాళ్ళందరికీ తెలిసిన సంగతులకే పెద్ద పేర్లెట్టి చెప్తారు, దానికి రెండేళ్ళు దండగ, మానేసి బీఈడీ చెయ్యి అంటున్నాడు. క్లాసులో టౌను పిల్లలు ఇంగ్లీషులో గబగబా మాట్లాడేస్తుంటే నాకు నోరు పెగలట్లేదు. మా నాన్న మూడెకరాలు కౌలుకి చేస్తాడండి, అమ్మ ఖాళీగానే ఉంటది, లేసు అల్లుకుంటది. మా ఇంట్లో ఈ చదువులు తెలిసినోళ్ళు ఎవరూ లేరు. మానెయ్యమంటారా, ఉండమంటారా?"

అమ్మాయ్, మానెయ్యొద్దు. ముందు ఆ మాట చెప్పేస్తే నీకు కాస్త కుదుటపడుతుంది. ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెప్తా. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి చదువుతూ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "అమ్మ ఖాళీగానే ఉంటది, లేసు అల్లుకుంటది." ఖాళీగా ఉంటదన్నావు, లేసు అల్లుకుంటదని కూడా నువ్వే అన్నావు, మధ్యలో ఒక కామా పెట్టావు అంతే. నువ్వు మూడు నెలల నుంచి బట్టీ పడుతున్న సబ్జెక్టంతా ఆ కామాలో ఉంది.

మరియా మీస్ అని ఒక జర్మన్ సోషియాలజిస్టు ఉండేవారు. 1970ల చివర్లో ఆవిడ మన నరసాపురం ప్రాంతానికొచ్చి, ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో లేసు అల్లే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళేం చేస్తున్నారు, ఎన్ని గంటలు చేస్తున్నారు, ఎంతొస్తోంది, ఆ లేసు ఎక్కడికి పోతోంది అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. 1982లో అది పుస్తకంగా వచ్చింది, పేరు ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్. ప్రపంచంలో ఎక్కడెక్కడి యూనివర్సిటీల్లోనో ఆడవాళ్ళ శ్రమ గురించి పాఠం చెప్పేటప్పుడు ఆ పుస్తకం చదివిస్తారు. నువ్వేమో వాళ్ళెవరో మా ఊరెక్కడో అంటున్నావు. మీ ఊరి పక్క ఊరే పుస్తకం తల్లీ.

ఆవిడ చూసింది ఏంటంటే, మిషనరీలు నేర్పించిన ఆ అల్లిక వందేళ్ళకి పైగా పాకి పాకి లక్ష మందికి పైగా ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చింది, ఆ లేసు యూరప్‌కీ అమెరికాకీ ఆస్ట్రేలియాకీ పోతోంది, ఎగుమతిదారులు మేడలు కట్టుకున్నారు, కానీ అల్లేవాళ్ళకొచ్చే డబ్బులు పొలం కూలికంటే తక్కువ. అదెలా కుదిరింది? వాళ్ళని ఎవరూ పనివాళ్ళు అనుకోలేదు కాబట్టి కుదిరింది. వ్యాపారులు అనుకోలేదు, ఇంట్లో మగవాళ్ళు అనుకోలేదు, జనాభా లెక్కలు రాసేవాళ్ళు అనుకోలేదు, ఆ ఆడవాళ్ళూ అనుకోలేదు. "ఇంట్లోనే కదా ఉంటాం, ఊరికే కూర్చోకుండా అల్లుకుంటాం" అనేదే అందరి మాటా. వాళ్ళు హౌస్ వైఫులు, లేసు తీరిక టైములో చేసే పని అని ఒకసారి పేరు పడిపోయాక ఇక కూలెంత అన్న ప్రశ్నే రాదు, ఒక్కొక్కళ్ళూ ఒక్కొక్క ఇంట్లో విడివిడిగా కూర్చుంటారు కాబట్టి అందరూ కలిసి అడగడం కూడా ఉండదు. పైగా బయటికెళ్ళి పొలం పని చెయ్యకుండా ఇంట్లో కూర్చుని అల్లుకోవడం పరువు అనిపిస్తుంది కొన్ని కులాల్లో, ఆ పరువే వాళ్ళని తక్కువ రేటుకి కట్టేస్తుంది. మీస్ దీనికి హౌస్‌వైఫైజేషన్ అని పేరు పెట్టారు, అంటే పనిచేసే మనిషిని గృహిణి అన్న మాట కింద దాచెయ్యడం అనుకో.

నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లో ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి రోజు ఒక కాయితం ఇచ్చి అమ్మానాన్నలు ఏం చేస్తారో రాయమనేదాన్ని. అమ్మ దగ్గర దాదాపు అందరూ హౌస్ వైఫ్ అని రాసేవారు. తర్వాత రోజు ఇంకో కాయితం ఇచ్చి, నిన్న తెల్లారగట్ల నుంచి రాత్రి పడుకునేదాకా అమ్మ ఏ గంటకి ఏం చేసిందో రాసుకురమ్మనేదాన్ని. రెండు పాడి గేదెలు, పేడ ఎత్తడం, డైరీకి పాలు పొయ్యడం, అప్పడాలు ఒత్తడం, రొయ్యల షెడ్డులో తలలు వలవడానికి పోవడం, లేసు. ఆ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకున్న రోజు క్లాసులో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒక కుర్రాడైతే మూడో రోజు వచ్చి, మేడమ్ నిన్న మా అమ్మకి గిన్నెలు తోమిపెట్టాను అని చెప్పాడు, అది నాకు ఇప్పటికీ గుర్తే.

సరే, ఇప్పుడు నాన్న దగ్గరికి రా. మూడెకరాల కౌలు. రెండో పంట దాళ్వా కాస్త బాగుంటుంది, వానాకాలం పంట సార్వాకి కోతల టైముకి తుఫాను పట్టిందంటే చేను పడిపోయి గింజ మొలకొచ్చేస్తుంది, నష్టమేమో నాన్నది, కౌలు బస్తాలు మాత్రం భూమి గల రైతుకి కొలవాల్సిందే. నష్టపరిహారం వస్తే అది పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే వాళ్ళ అకౌంట్లో పడుతుంది చాలాసార్లు. మన రాష్ట్రంలో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో కౌలు రైతుకి కార్డు అన్నారు గానీ దానికి భూమి గలాయన సంతకం కావాలి, సంతకం పెడితే ఎక్కడ హక్కు వచ్చేస్తుందోనని ఆయన పెట్టడు, ఎక్కువ అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకళ్ళకి ఇస్తాడని నాన్న అడగడు. రాత్రి అన్నం తింటూ నాన్న "మన రాత ఇంతే" అంటాడు కదా? మా ఇళ్ళల్లోనూ అన్నారు ఆ మాట.

సి. రైట్ మిల్స్ అనే అమెరికా ఆయన 1959లో రాసిన పుస్తకంలో సరిగ్గా ఈ "రాత" గురించే మాట్లాడాడు. లక్ష మంది ఉన్న ఊళ్ళో ఒక్కడికి ఉద్యోగం లేకపోతే అది వాడి సమస్య, వాడి గుణమో వాడి చదువో చూడొచ్చు, కానీ 5 కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే అక్కడ ఒక్కొక్కడి గుణం చూసి లాభం లేదు, ఏర్పాటులోనే తేడా ఉంది అన్నాడు. ఒకటి సొంత కష్టం, ఇంకొకటి పదిమంది సమస్య. దేన్ని ఏదిగా చూస్తున్నాం అనేది తెలుసుకోవడమే సోషియలాజికల్ ఇమాజినేషన్. 2011లో కోనసీమలో రైతులు సార్వా వెయ్యం, క్రాప్ హాలిడే అన్నారు, నువ్వు అప్పుడు చిన్నపిల్లవి. ఒక్కాయన చేను బీడు పెడితే ఊరంతా సోమరిపోతు అంటుంది, మండలాలకి మండలాలు బీడు పెడితే? అదే తేడా. ఇప్పుడు మిల్స్ డెఫినిషన్ బట్టీ పట్టాలా నువ్వు? నాన్న కౌలు గుర్తుంటే మిల్స్ గుర్తుంటాడు.

అదే చేను గట్టు మీద నిలబడి మార్క్స్‌ని అడుగు. ఆయన ఒకటే అడుగుతాడు, భూమి ఎవరిది, పని ఎవరిది, పండింది ఎవరు పట్టుకుపోతున్నారు? పొలమూ యంత్రమూ ఫ్యాక్టరీ లాంటివి ఎవరి చేతిలో ఉన్నాయి అన్నదాన్ని బట్టే మనుషులు రెండు పక్కలుగా చీలతారు, ఆ చీలికే చరిత్రని నడిపిస్తుంది అన్నది ఆయన లెక్క. 1867లో క్యాపిటల్ మొదటి భాగం వచ్చింది, అందులో మాట్లాడింది ఇంగ్లండు మిల్లుల గురించే గానీ ప్రశ్న మాత్రం మన చేలోనూ పనికొస్తుంది. పనికొస్తుంది గానీ సరిపోదు. ఎందుకంటే మీ ఊళ్ళోనే నాన్నలాగే మూడెకరాలు కౌలు చేసే ఇంకో ఆయన ఉంటాడు, ఇద్దరి జేబులోనూ అంతే డబ్బు, కానీ భూమి గల రైతు ఇంటికెళ్తే ఒకాయన్ని అరుగు మీద కూర్చోమని కాఫీ ఇస్తారు, ఇంకొకాయన గేటు దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చేస్తాడు. మార్క్స్ లెక్కలో ఇద్దరూ ఒకటే. జర్మన్ సోషియాలజిస్టు మాక్స్ వెబర్ ఇక్కడ అడ్డం పడతాడు, డబ్బు ఒకటి, గౌరవం వేరే, పలుకుబడి ఇంకా వేరే, మూడూ ఒకదాన్నొకటి లాగుతాయి గానీ మూడూ ఒకటి కాదు అంటాడు. క్లాసు, స్టేటస్, పార్టీ అని నీ నోట్సులో ఉండేవి ఇవే.

ఇంకా లోపలికి పోవాలంటే వెబర్ కూడా చాలడు, ఆయన భారతదేశం మతాల గురించి పెద్ద పుస్తకమే రాశాడు గానీ ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. గేటు దగ్గర నిలబడినోళ్ళ వైపు నుంచి చూసింది అంబేద్కర్. 1916లో, పాతికేళ్ళ వయసులో, న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో చదివిన పేపర్‌లో కులం ఎక్కడ పుట్టి ఎక్కడ నిలుస్తోందంటే పెళ్ళి దగ్గర అన్నారు, కులంలోనే చేసుకోవాలి అన్న కట్టుబాటు తీసేస్తే కులం నిలవదు అని. 1936లో కులం పనిని పంచడం కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టడం, అదీ ఒకళ్ళ మీద ఒకళ్ళని మెట్లు మెట్లుగా పేర్చి అన్నారు. సిలబస్‌లో అంబేద్కర్‌ని ఎక్కడో చివరి యూనిట్లో పెడతారు, నువ్వు మాత్రం మొదటి నెలలోనే చదువు. మన జిల్లాల్లో ఊరు వేరు, దళితులుండే పేట వేరు అన్న సంగతి వివరించకుండా సోషియాలజీ చెప్పడం ఈత రానివాడు గోదావరి గురించి చెప్పినట్టే ఉంటుంది.

మన దేశపు సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ పేరు కూడా వినే ఉంటావు. మైసూరు దగ్గర రాంపుర అనే ఊళ్ళో 1948లో ఉండి చూశారు. పొలం, జనం సంఖ్య, అధికారం మూడూ చేతిలో ఉన్న కులం ఊరిని ఎలా నడుపుతుందో చెప్పడానికి ఆధిపత్య కులం అన్న మాట వాడారు. ఈ మాట మన డెల్టాకి తెచ్చి చూడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది, కాలవలు పారాయి, అంతకుముందు కరువులు చూసిన నేల మీద రెండు పంటలు పండాయి. నీళ్ళు అందరి ఊరి మీదగానే పోయాయి గానీ భూమి ఉన్నోళ్ళ చేలోకే పారాయి. ఆ మిగులు రైసు మిల్లయ్యింది, టౌనులో మేడయ్యింది, పిల్లల కాలేజీ ఫీజయ్యింది, తర్వాత హైదరాబాదయ్యింది, అమెరికా అయ్యింది. భూమి లేనోళ్ళకి పని రోజులు పెరిగాయి, అంతే. కాటన్ దొరకి మనం పెట్టుకున్న దండలు తప్పని చెప్పట్లేదు, మా తాత కూడా ఆయన ఫోటోకి దండం పెట్టేవాడు, కానీ కాలవ మీద నిలబడి ఎవరి పెరట్లో ఏం పండింది అని అడగడం మన పని. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణ, అంటే కింది కులాలు పై కులాల ఆచారాలు పట్టుకుని పైకి పోవాలని చూడటం, ఇది మాత్రం కాస్త అనుమానంగానే చదువు. అందరూ పైవాళ్ళని చూసి మారాలనుకోలేదు. కోనసీమలో ఏ పేటకెళ్ళినా కోటు వేసుకుని వేలు చూపిస్తున్న అంబేద్కర్ విగ్రహం ఉంటుంది, చర్చి ఉంటుంది, అక్కడ ఎవరినో అనుకరించడం కనబడదు, మేము ఇది అని నిలబడటం కనబడుతుంది.

డర్క్‌హైమ్‌కి వద్దాం, ఫ్రెంచ్ సోషియాలజిస్టు, నువ్వు ఎక్కువ భయపడేది ఆయనకే అనుకుంటున్నా. ఆయన 1895లో సోషల్ ఫ్యాక్ట్ అన్నాడు, సమాజ వాస్తవం. మనిషికి బయట ఉంటుంది, మనిషిని వంచుతుంది. గైడులో ఈ రెండు ముక్కలే ఉంటాయి, అందుకే గుర్తుండవు. మీ వీధిలో మొన్న జరిగిన పెళ్ళి తీసుకో. పెళ్ళికొడుకు వాళ్ళు "మేమేం అడగలేదండి" అంటారు. పెళ్ళికూతురు వాళ్ళు "వాళ్ళు అడగలేదు, మేమే ఇచ్చుకున్నాం" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. అయినా లక్షలు చేతులు మారాయి, ఎంత ఇవ్వాలో కూడా అందరికీ తెలుసు, కుర్రాడి ఉద్యోగాన్ని బట్టి రేటు ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. మరి అడిగింది ఎవరు? ఇవ్వకపోతే పిల్లకి అక్కడ ఏం జరుగుతుందో అన్న భయం, నలుగురిలో తల వంపులు, అదీ అడిగింది. ఏ ఒక్క మనిషిలోనూ లేదు, అందరి మధ్యలో ఉంది, అందరి మెడా వంచుతోంది. ఇదే సోషల్ ఫ్యాక్ట్. దీన్ని పోగొట్టాలంటే ఒక్కొక్కళ్ళకి మంచి చెప్తే ఎందుకు పోవట్లేదో కూడా డర్క్‌హైమే చెప్తాడు, అది మనుషుల మంచితనంలో లేదు కాబట్టి.

ఇంకో పక్క ఆయనకి జనం ఒకచోట చేరితే పుట్టే వేడి అంటే చాలా ఇష్టం. 1912లో ఆస్ట్రేలియా ఆదివాసుల పూజల గురించి రాశాడు, అక్కడికి పోకుండానే, వేరేవాళ్ళు రాసినవి చదివి. అందరూ ఒకచోట చేరి ఆడి పాడితే ఒక్కొక్కడిలో లేని శక్తి ఒకటి పూనుతుంది, ఆ శక్తికే మనిషి దేవుడని పేరు పెట్టుకున్నాడు, నిజానికి అక్కడ సమాజం తనని తానే కొలుచుకుంటోంది అన్నాడు. నేను ఈ ముక్క చెప్పేటప్పుడు ఎప్పుడూ కనుమ రోజు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థమే చెప్పేదాన్ని. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు శివుళ్ళు, రుద్రులంటారు, వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభల మీద వస్తారు, అంతంత ప్రభల్ని భుజాల మీద మోస్తారు, కొన్నిటినైతే కౌశిక కాలవ దాటిస్తారు, నీళ్ళల్లో దిగి, పీకల్లోతులో కూడా వంగనివ్వకుండా, గట్టు మీద జనం హోరెత్తిపోతారు, పచ్చటి చేలని తొక్కుకుంటూ పోతుంటే చేను గలాయన కోప్పడడు, మంచిదే అనుకుంటాడు. మామూలు రోజు ఆ చేలో గేదె పడితే పోలీస్ స్టేషన్ దాకా పోతుంది తగువు. ఆ ఒక్క రోజు ఏం మారింది? డర్క్‌హైమ్ దానికి జవాబు. అక్కడితో ఆగకుండా అదే గట్టు మీద మార్క్స్‌నీ అంబేద్కర్‌నీ కూడా నిలబెట్టు, మీ ఊరి తీర్థమైనా సరే జాతరైనా సరే, వాళ్ళు వేరే అడుగుతారు, మొయ్యడానికి ఎవరెవరి భుజాలకి హక్కుంది, చందా ఎవరు వసూలు చేస్తారు, ఏ వీధిలోకి ఊరేగింపు పోతుంది, ఏ వీధి మలుపులో తిరిగిపోతుంది అని. ఒకే తీర్థం, ఒకళ్ళకి కలిపేది కనబడింది, ఒకళ్ళకి విడగొట్టేది కనబడింది. థియరీ అంటే నాకు తెలిసి ఇంతే, ఎక్కడ నిలబడి ఏం అడుగుతున్నావు అన్నది. పార్సన్స్‌ని మాత్రం ఇప్పుడు వదిలెయ్, ఆయన 1951 పుస్తకం పెద్ద పెద్ద ప్రొఫెసర్లకే కొరుకుడు పడలేదు, రెండో సెమిస్టర్లో చూద్దాం.

బాబాయి మాట. ఆయన మీద కోపం తెచ్చుకోకు, నీ మేలు కోరే అంటున్నాడు. కానీ ఒక్కటి అడుగు. "నిదానమే ప్రధానం" అని మన పెద్దలే అన్నారు, "ఆలస్యం అమృతం విషం" అనీ వాళ్ళే అన్నారు. పని చెడ్డాక ఏ సామెత కావాలంటే అది అతుకుతుంది, ముందే చెప్పమంటే ఏదీ చెప్పదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల మీద పెద్ద సర్వే చేశారు, దాని మీద 1949లో లాజర్స్‌ఫెల్డ్ అనే ఆయన సమీక్ష రాస్తూ ఒక పని చేశాడు. చదువుకున్నోళ్ళకి మానసిక ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి, పల్లెటూరి కుర్రాళ్ళు సిటీ వాళ్ళకంటే హుషారుగా ఉన్నారు, ఇలా కొన్ని ముందు చెప్పాడు. చదివినోళ్ళు "ఆ, ఇది ఎవరికి తెలీదు, దీనికి సర్వే ఎందుకు" అనుకుంటారు కదా, అప్పుడు చెప్పాడు, ఇవన్నీ తప్పులు, సర్వేలో తేలింది దీనికి సరిగ్గా తిరగేసి అని. అసలు సంగతి ముందు చెప్పి ఉంటే దానికీ "ఎవరికి తెలీదు" అనేవాళ్ళే. బాబాయికి ఈ కథ చెప్పు, నిజమే సుమీ అంటాడు. అమ్మ ఖాళీగా ఉంటదన్నది కూడా మీ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కదా మరి.

ఇక క్లాసులో నోరు పెగలకపోవడం. ఇది చిన్న విషయం కాదు, నీ లోపం కూడా కాదు. పియరీ బోర్దియూ అని ఫ్రెంచాయన, 1930లో పుట్టాడు, పిరనీస్ కొండల కింద పల్లెటూరు, నాన్న పోస్టాఫీసులో పని, తాత కౌలు రైతు. అవును, మీ నాన్నలాగే. పెద్ద పెద్ద స్కూళ్ళకి పోయాక తన యాస, తన నడక, తన మాట తీరు చూసి ఎలా చూసేవారో ఆయనకి తెలుసు. ఆ చూపుల్లోంచే కల్చరల్ క్యాపిటల్ అన్న మాట పుట్టిందని నేను నమ్ముతా. ఇంట్లో పుస్తకాలు, డైనింగ్ టేబుల్ దగ్గర మాటలు, ఇంగ్లీషు, ఎక్కడ ఎలా కూర్చోవాలో తెలియడం, ఇవి కూడా ఆస్తే, పొలంలాగే వారసత్వంగా వస్తాయి, కానీ రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి అందరూ దాన్ని తెలివి అనుకుంటారు. మీ క్లాసులో టౌను పిల్లలు తెలివైనోళ్ళు కాదని నేననను, కానీ వాళ్ళకి ముందే చేతికందినది నువ్వు ఇప్పుడు కష్టపడి సంపాదిస్తున్నావు. రెండింటికీ ఒకే మార్కుల లిస్టు.

బోర్దియూది ఇంకోటి చెప్పాలి, నీకు తప్పకుండా నచ్చుతుంది. 1962లో తన ప్రాంతం మీదే ఒక వ్యాసం అచ్చేశాడు. అక్కడ పల్లెల్లో భూమి గల పెద్ద కొడుకులకి పెళ్ళిళ్ళు కావట్లేదు. ఒకప్పుడు వాళ్ళే మంచి సంబంధం, ఇప్పుడు ఆడపిల్లలు టౌను వైపు చూస్తున్నారు. క్రిస్మస్‌కి ఊళ్ళో డాన్సు జరుగుతుంటే ముప్పై దాటిన కుర్రాళ్ళు గోడ వారగా నిలబడి చూస్తుంటారు, లోపలికి రారు, వాళ్ళ ఒంటికి ఆ డాన్సు రాదు, ఆ అడుగులు రావు. బురదలో నడిచి నడిచి ఒంట్లో దిగిపోయిన నడక అది. దానికే హ్యాబిటస్ అన్నాడు. ఇప్పుడు మన ఊళ్ళు చూడు. పదెకరాల సొంత పొలం ఉన్నా, రొయ్యల చెరువులున్నా, కుర్రాడు ఊళ్ళోనే ఉంటాడంటే సంబంధం వెనక్కి పోతోంది, హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడికి అయితే మాట్లాడదాం రండి అంటున్నారు. ఆ కుర్రాడి తల్లి జాతకాలు చూపిస్తోంది, శాంతులు చేయిస్తోంది. ఫ్రాన్స్‌లో అరవై ఏళ్ళ కిందటి కథా, మీ వీధి చివర ఇంట్లో ఇవాళ్టి కథా ఒకే దారిలో నడుస్తున్నాయంటే ఆ దారేంటో వెతకాలనిపించట్లేదా నీకు? కౌలు రైతు మనవడు వెతికాడు. కౌలు రైతు కూతురు వెతకలేదా?

చదివే పద్ధతి గురించి ఒక్క మాట. డెఫినిషన్ ముందు రాసి ఉదాహరణ తర్వాత వెతుక్కోకు, తిరగెయ్యి. ముందు మీ ఇంట్లోదో వీధిలోదో ఒక సంగతి రాయి, తెలుగులోనే రాయి, తర్వాత దీనికి ఎవరు ఏం పేరు పెట్టారో చూడు. పరీక్షలో ఇంగ్లీషు మాటలు అప్పుడు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఊళ్ళోవాళ్ళ మాటలు రాసుకునేటప్పుడు పేర్లు మార్చి రాసుకో, అడిగి రాసుకో, వాళ్ళ కష్టం నీ అసైన్‌మెంట్ కోసం కాదు. బీఈడీ ఎక్కడికీ పోదు, పీజీ అయ్యాకైనా చెయ్యొచ్చు. సోషియాలజీకి ఉద్యోగాలు కుప్పలుగా ఉంటాయని చెప్పి నిన్ను మోసం చెయ్యను, లెక్చరర్ అవ్వాలంటే నెట్ పరీక్ష రాయాలి, సివిల్స్ ఆప్షనల్‌గా చాలామంది తీసుకుంటారు, సర్వేలూ ఎన్జీవోలూ ఉన్నాయి, ఏదైనా కష్టపడాల్సిందే. నాన్నతో డబ్బు సంగతి దాచకుండా మాట్లాడు, హాస్టల్ ఫీజు మోయలేని పరిస్థితి ఉంటే ఆ సంగతి నాకు విడిగా రాయి, స్కాలర్‌షిప్పుల దారి చూద్దాం.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఒక పని చెయ్యి. అమ్మ పక్కన కూర్చో, ఫోను లోపల పెట్టెయ్. దారం ఎవరు తెచ్చిస్తారు, ఏజెంటు ఎవరు, ఒక డిజైను అల్లడానికి ఎన్ని గంటలు, దానికి ఎంతిస్తారు, ముక్కలు అతికే పని ఎవరిది, అది టౌన్లో ఎంతకి అమ్ముతారో అమ్మకి తెలుసా, కళ్ళు ఎప్పటి నుంచి మసకలు, చిన్నప్పుడు ఎవరు నేర్పారు. ఒక రోజులో ఎన్ని గంటలు అల్లిందో గడియారం చూసి రాయి. తర్వాత మీ యూనివర్సిటీ లైబ్రరీలో మీస్ పుస్తకం అడిగి తీసుకుని, అందులో ముక్కలు అమ్మకి తెలుగులో చదివి వినిపించు. ఇది తప్పు, ఇది ఒప్పు, ఇప్పుడు ఇలా లేదు అని అమ్మే చెప్తుంది, నలభై ఏళ్ళు దాటిపోయింది కదా, చాలా మారి ఉంటుంది. అమ్మ చెప్పిన మార్పులన్నీ ఒక కాయితం మీద రాసి నాకు పంపు, నీ ఇంగ్లీషు సంగతి తర్వాత.